కీమో రోగి దిండు కింద దొరికిన సీసా గురించి బహిరంగ లేఖ

ఔషధ నియంత్రణ, ఆహార భద్రత, ఆయుష్ శాఖల అధికారులకు,
క్యాన్సర్ వైద్యులకు,
ఔషధ మొక్కలపై పరిశోధన చేస్తున్న, చేయిస్తున్న అధ్యాపకులకు,

నమస్కారం.

నేను ఇరవై ఆరేళ్లు ఫార్మసీ కళాశాలలో ఔషధ మొక్కల శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. ఈ లేఖలోని విషయాన్నే ఎనిమిది నెలల కిందట మూడు చోట్లకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. ఒకటి మా అక్కకు వైద్యం జరిగిన ఆసుపత్రికి, ఒకటి సంబంధిత కార్యాలయానికి, ఒకటి ఆ సీసాను తయారుచేసినవారికి. అందినట్టు సంతకాలున్న రసీదులు మూడూ తిరిగొచ్చాయి. జవాబు మాత్రం ఒక్కరి దగ్గర నుంచీ రాలేదు. అందువల్ల ఇప్పుడు అందరి ముందూ రాయవలసి వస్తోంది.

జరిగింది ఇది. మా అక్కకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయ్యాక ఇరవై ఒక్క రోజులకొకసారి చొప్పున నాలుగుసార్లు డాక్సోరూబిసిన్‌తో కూడిన కీమో, అంటే వార్డులో అందరూ ఎర్ర మందు అని పిలిచేది, ఆ తర్వాత వారం వారం పాక్లిటాక్సెల్ అనే మరో కీమో మందు, అది కూడా పూర్తయ్యాక కనీసం ఐదేళ్లు రోజూ వ్యాధి తిరగబెట్టకుండా టామాక్సిఫెన్ మాత్ర అని వైద్యులు చెప్పారు. ఎర్ర మందు నాలుగుసార్లూ అనుకున్న తేదీలకే అయిపోయింది. పాక్లిటాక్సెల్ మూడో వారానికి వచ్చేసరికి తెల్లరక్తకణాలు బాగా పడిపోయాయి, కాలేయ పరీక్షలో ఎంజైములు పెరిగాయి. రెండుసార్లు వెనక్కి పంపేశారు, ఆ తర్వాత మోతాదు తగ్గించారు. అలా వెనక్కి పంపిన రోజున డే కేర్ వార్డులో మంచం మీది దుప్పటి సర్దుతుంటే దిండు కింద తెల్లటి ప్లాస్టిక్ సీసా చేతికి తగిలింది. ఉల్లిపాయ వంటివాటిలో ఉండే క్వెర్సెటిన్ అనే ఫ్లేవనాయిడ్, మునగాకు సారం, కమలా తొక్క సారం కలిపిన క్యాప్సూళ్లు అవి. పూటకు రెండు చొప్పున మింగాలట. సీసాతో పాటు డబ్బాలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటుంది. 'కీమోకు లొంగని కణాలను లొంగదీసే ఫ్లేవనాయిడ్లు' అని దాని మీద పెద్ద అక్షరాల్లో తెలుగులోనే అచ్చు వేశారు.

పక్క మంచం వాళ్లు చెబితే కొన్నదట. కీమో ప్రభుత్వ పథకం కింద ఉచితంగా జరుగుతుంటే, ఈ సీసాకు నెలకు మూడు వేల రెండు వందలు పాల డబ్బుల్లోంచి తీసి ఇస్తోంది. ఎందుకు చెప్పలేదని అడిగాను. "ఎవరైనా అడిగారా? అడగలా. చెప్తే కేకలేస్తారని నేనూ చెప్పలా" అంది. కేస్ షీట్ తిప్పి చూశాను. 'ఇతర మందులు' అన్న గడిలో 'లేవు' అని రాసి ఉంది.

కణాలు పడిపోవడానికి ఆ సీసాయే కారణమని నేను అనడం లేదు. పాక్లిటాక్సెల్ ఒక్కటే ఇచ్చినా అలా జరగవచ్చని నాకు తెలుసు. కాని ఆ సీసా వల్ల కాదని చెప్పగలిగినవారు కూడా ఒక్కరూ లేరు, ఎందుకంటే మా అక్క దాన్ని మింగుతోందన్న సంగతి ఏ కాగితం మీదా లేదు. నా ఫిర్యాదు అంతా ఇక్కడే ఉంది. దాని వెనకున్న శాస్త్రం అర్థమైతేనే దాని బరువు తెలుస్తుంది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

క్యాన్సర్ కణం మందుకు లొంగకుండా పోవడం కీమో ఎంత పాతదో అంత పాత సమస్య. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో 16 మంది పిల్లలకు ఇచ్చినప్పుడు 10 మందిలో రక్త క్యాన్సర్ తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. ఆ ఉపశమనం తాత్కాలికమే అయింది, వ్యాధి తిరగబెట్టింది. ఎందుకిలా జరుగుతుందన్నదానికి ఒక ముఖ్యమైన జవాబు 1976లో దొరికింది. కాల్చిసిన్ అనే మందుకు లొంగని హ్యామ్‌స్టర్ కణాల పైపొరలో జూలియానో, లింగ్ అనే శాస్త్రవేత్తలు ఒక పెద్ద ప్రొటీన్‌ను గుర్తించి పీ-గ్లైకోప్రొటీన్ అని పేరు పెట్టారు. చిల్లుపడిన పడవలోంచి నీళ్లు తోడిపోసినట్టు, కణంలోకి చేరిన మందును అది బయటికి తోడిపోస్తుంది. మన పెరట్లో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టిన్‌నూ, ఎర్ర మందునూ, పాక్లిటాక్సెల్‌నూ ఈ ఒక్క పంపే తోడగలదు. ఇది క్యాన్సర్ కణం కోసం పుట్టినది కాదు. పేగు గోడలో, కాలేయంలో, మూత్రపిండాల్లో, మెదడులోని రక్తనాళాల గోడల్లో సహజంగానే ఉండి, తిండితో పాటు వచ్చే విషాలను బయటికి నెడుతూ మనల్ని కాపాడుతుంటుంది. ఈ మాటను గుర్తుంచుకోమని ప్రార్థిస్తున్నాను, ఎందుకంటే మడతపెట్టిన ఆ కాగితం చెప్పని సంగతి ఇదే.

పంపును ఆపితే మందు కణంలో నిలబడుతుందన్న ఆశ సహజం. రక్తపోటుకు వాడే వెరపామిల్ ఆ పని చేయగలదని 1981లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఆ తర్వాత ఇందుకోసమే వాల్‌స్పొడార్, టారిక్విడార్ వంటి మందులు తయారుచేసి రోగులపై పరీక్షించారు. వాటిలో ఒక్కటీ వైద్యంలో నిలబడలేదు. గడ్డలోని పంపుతో పాటు ఒంట్లోని పంపులూ ఆగిపోయి, కీమో మందు బయటికి పోక విషమించడం అందుకు ఒక కారణం. అప్పుడు చూపు మొక్కల వైపు, ముఖ్యంగా ఆకులకు, పూలకు, తొక్కలకు రంగునూ రక్షణనూ ఇచ్చే ఫ్లేవనాయిడ్ల వైపు మళ్లింది.

ఈ విద్యను నేను చిన్నచూపు చూడడం లేదు. నా జీవితమంతా దానితోనే గడిచింది. 1930, 40 దశకాల్లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి.ఆర్. శేషాద్రి గారు పత్తి పూలలో, కానుగలో ఉన్న ఫ్లేవనాయిడ్ల నిర్మాణాలను ఛేదించి, ప్రపంచం గుర్తించే పరంపరను నిలబెట్టారు. 2000లో వెలువడిన ఒక పరిశోధన నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. మానుపసుపులో ఉండే బెర్బెరిన్ ఒక్కటే అయితే స్టెఫిలోకోకస్ బ్యాక్టీరియా దాన్ని సులువుగా తోడిపోస్తుంది. అమెరికాలోని ఒక బెర్బెరిస్ మొక్క మాత్రం బెర్బెరిన్‌తో పాటు, బ్యాక్టీరియా పంపును ఆపే, ఫ్లేవనాయిడ్ల కోవకు చెందిన ఫ్లేవనోలిగ్నాన్‌ను కూడా తానే తయారుచేసుకుంటోందని అందులో తేలింది. మందునూ, మందుకు తోడునూ ఒకే మొక్క సిద్ధం చేసుకుంటోందన్నమాట. కాబట్టి ఫ్లేవనాయిడ్లకు కణాల మొండితనాన్ని సడలించే శక్తి ఉందన్నది కట్టుకథ కాదు. ప్రయోగశాలలో అది నిజమే. అయితే అక్కడి నిజం రోగి ఒంట్లో అదే రూపంలో నిలుస్తుందని చెప్పడానికి ఆధారం లేదు, తలకిందులయ్యే ప్రమాదానికి మాత్రం ఆధారాలున్నాయి.

1994నే తీసుకోండి. మందుకు లొంగని రొమ్ము క్యాన్సర్ కణాల్లో క్వెర్సెటిన్ ఎర్ర మందు బలాన్ని పెంచిందని ఆ ఏడాది ఒక పరిశోధన చెప్పింది. అదే ఏడాది మరొక పరిశోధనలో, పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో క్వెర్సెటిన్, కెంఫెరాల్, గలాంజిన్ అనే ఫ్లేవనాయిడ్లు పంపును ఇంకా జోరుగా నడిపించి అదే ఎర్ర మందును బయటికి పంపించాయి. ఫ్లేవనాయిడ్ అదే, మందు అదే, ఫలితాలు మాత్రం ఎదురెదురు. కణాన్ని బట్టి, మోతాదును బట్టి తాళం వేయడమూ తాళం తీయడమూ రెండూ చేయగల పదార్థాన్ని ఏ గుణం చూసి సీసాలో నింపారో తయారీదారులు చెప్పాలి.

1999 నాటి మరో సంగతి మా అక్కకు నేరుగా తగిలేది. కమలా తొక్కలో ఉండే టాంజెరెటిన్ గాజు పళ్లెంలో రొమ్ము క్యాన్సర్ కణాల పెరుగుదలను అణచింది. అదే పదార్థాన్ని తాగే నీళ్లలో కలిపి, టామాక్సిఫెన్ తీసుకుంటున్న ఎలుకలకు ఇచ్చినప్పుడు మాత్రం టామాక్సిఫెన్ పని చేయడం మానేసింది. ఎలుకకు జరిగిందంతా మనిషికీ జరుగుతుందని నేను చెప్పను. కాని ఐదేళ్లు టామాక్సిఫెన్ మింగవలసిన మనిషి దిండు కింద కమలా తొక్క సారం ఉండటం చూసి నిద్ర పట్టలేదు. గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే ఫ్లేవనాయిడ్, మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు వాడే బోర్టిజోమిబ్ అనే మందుకు అతుక్కుపోయి దాన్ని నిర్వీర్యం చేస్తుందని 2009లో ప్రచురితమైంది. కీమో చేయించుకుంటున్నవారికి గ్రీన్ టీ మంచిదని బంధువులు పెట్టెలకు పెట్టెలు తెచ్చిపెట్టడం మనందరం చూస్తున్నాం.

ఇక అన్నిటికంటే కీలకమైన లెక్క. ప్రయోగశాలలో కణాలపై పోసే క్వెర్సెటిన్ సాంద్రత చాలాసార్లు పదుల మైక్రోమోలార్లలో (ద్రవంలో పదార్థం ఎంత చిక్కగా ఉందో కొలిచే ప్రమాణం) ఉంటుంది. నోటితో మింగిన క్వెర్సెటిన్‌ను పేగు, కాలేయం చాలావరకు మార్చేసి రూపం మారినదాన్నే రక్తంలోకి వదులుతాయి, మార్పు లేని రూపంలో మిగిలేది అత్యల్పం. అంటే పంపును ఆపగల మోతాదు గడ్డ దాకా చేరడం కష్టం. పేగులో మాత్రం, క్యాప్సూల్ కరిగే చోట, అది దండిగా ఉంటుంది. అక్కడ ఉన్నదీ అదే పంపు, దాని పక్కనే మందులను విరగగొట్టే ఎంజైములు. గడ్డ మీద పని చేయదు, నోటితో మింగే మిగతా మందులు ఎంత లోపలికి చేరాలో నిర్ణయించే చోట మాత్రం వేలు పెడుతుంది. ఇమాటినిబ్ వంటి క్యాన్సర్ మందులు ఎన్నో ఇప్పుడు మాత్రల రూపంలోనే ఇంటికి వస్తున్నాయి. ఏ మందు ఎక్కువై విషమిస్తుందో, ఏది తక్కువై వృథా అవుతుందో ఎవరూ కొలవడం లేదు.

కూరలో వేసే ఉల్లిపాయ గురించో, పప్పులో మునగాకు గురించో నేను మాట్లాడటం లేదని స్పష్టంగా చెబుతున్నాను. ఈ లేఖ చదివి ఎవరూ మునగాకు పప్పు మానవద్దు. నా ఆందోళన రోజూ గ్రాముల లెక్కన గుళికల్లో నింపి మింగించే సారాల గురించి.

ఇందువల్ల సామాన్యులకు జరుగుతున్న నష్టాన్నీ, మిమ్మల్ని కోరుతున్నదాన్నీ కలిపి కింద పెడుతున్నాను.

1. క్యాన్సర్ వైద్యులకు, ఆసుపత్రులకు: అడగండి. ఒక్క వారం కీమో వాయిదా పడితే ఊరి నుంచి వచ్చిన రోగికీ, తోడు వచ్చినవారికీ బస్సు చార్జీలు, రెండు రోజుల కూలి పోతాయి, అంతకు మించి వైద్యం గాడి తప్పుతుంది. 'వేరే మందులేమైనా వాడుతున్నారా' అని అడిగితే మనవాళ్లు లేదనే అంటారు, ఎందుకంటే మునగాకు పొడిని, కషాయాన్ని వాళ్లు మందు అనుకోరు. పసరు, చూర్ణం, కషాయం, పొడి, జ్యూస్, క్యాప్సూల్, గ్రీన్ టీ అని పేరుపేరునా అడగాలి. ప్రతి కీమో విడతకూ ముందు 'ఇంట్లో నోట్లో వేసుకునేవన్నీ సంచిలో వేసుకుని రండి' అని చెప్పాలి. వచ్చిన సంచిని చూసి కోప్పడకూడదు. ఒక్కసారి కోప్పడితే ఆ వార్డులో ఇరవై సీసాలు దిండ్ల కిందికి వెళతాయి. కేస్ షీట్‌లో 'లేవు' అని రాసే ముందు అడిగినవారి సంతకం ఉండాలి.

2. ఆహార భద్రత, ఔషధ నియంత్రణ అధికారులకు: కొత్త చట్టం అడగడం లేదు. క్యాన్సర్‌ను నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించింది. న్యూట్రాస్యూటికల్స్‌పై, అంటే ఆహారం పేరుతో అమ్మే ఇలాంటి గుళికలపై, 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఇతర మందులతో ఉన్నట్టు ప్రచురితమైన ప్రభావాల గురించి లేబుల్ మీద హెచ్చరిక ఉండాలి. మా చేతికి దొరికిన సీసా మీద 'వైద్య ఉపయోగం కోసం కాదు' అని ఆంగ్లంలో చిన్న అక్షరాల్లో ఉంది, డబ్బాలోని కాగితం మీద వైద్యం చేస్తామన్న హామీ తెలుగులో పెద్ద అక్షరాల్లో ఉంది. హామీని రోగి భాషలో ఇచ్చినవారు హెచ్చరికనూ రోగి భాషలోనే ఇవ్వాలి. డబ్బాలో పెట్టే కాగితాలను, దుకాణంలో పంచే కరపత్రాలను కూడా లేబుల్‌లో భాగంగా లెక్కించి తనిఖీ చేయండి. 'కీమో మందులు, టామాక్సిఫెన్, గుండె మందులు, అవయవ మార్పిడి మందులు వాడుతున్నవారు వైద్యుడిని అడగకుండా వాడరాదు' అన్న వాక్యం ఇటువంటి ప్రతి సీసా మీదా తెలుగులో ఉండేలా ఆదేశించండి.

3. గుండె మందులు, అవయవ మార్పిడి మందులు అని పైన రాయడానికి కారణముంది. గుండెకు వాడే డిగాక్సిన్‌ను, అవయవ మార్పిడి తర్వాత వాడే టాక్రోలిమస్‌ను, సైక్లోస్పోరిన్‌ను కూడా ఆ పంపే తోడుతుంది. 2004లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో డిగాక్సిన్‌తో పాటు ఎక్కువ మోతాదు క్వెర్సెటిన్ ఇచ్చిన మూడు పందుల్లో రెండు చనిపోయాయి. వయసు మళ్లిన గుండె రోగి మనవడు తెచ్చిన 'రోగనిరోధక శక్తి' క్యాప్సూల్ మింగితే ఏమవుతుందో కనిపెట్టి చూసే ఏర్పాటు ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా ఉందా అని అడుగుతున్నాను.

4. దుష్ప్రభావాలను నమోదు చేసే యంత్రాంగానికి: జాతీయ స్థాయి ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010 నుంచి ఉంది, ఆయుష్ మందులకు విడిగా 2018లో వచ్చింది. సొంత వైద్యం, మూలికా మందుల వివరాలు రాసే గడి కూడా నమోదు పత్రంలో ఉంది. అయినా నేను ఆసుపత్రిలో అడిగితే 'అది మేమిచ్చిన మందు కాదు కదమ్మా' అన్నారు. ఆహారం పేరుతో అమ్ముతున్నది కనుక తమ పరిధిలోకి రాదని ఇంకొక చోట నోటిమాటగా చెప్పారు. అల్లోపతీ కాదు, ఆయుష్ కాదు, ఆహారమూ కాదంటే రోగి ఏ తలుపు తట్టాలి? సీసా మీద ఏ శాఖ లైసెన్సు ఉన్నా, రోగి ఎక్కడ చెబితే అక్కడే రాసుకుని సంబంధిత శాఖకు పంపే పద్ధతి పెట్టండి. రాసినవారికి 30 రోజుల్లో జవాబు ఇవ్వండి. ఫోన్ చేయదలచుకున్నవారి కోసం 1800-180-3024 నంబరును ప్రతి కీమో వార్డు గోడ మీదా తెలుగులో రాయించండి.

5. నా తోటి అధ్యాపకులకు: ఈ మాటలు మీకంటే ముందు నాకు నేను చెప్పుకుంటున్నాను. ఎం.ఫార్మసీ థీసిస్‌ల చివర 'ఈ సారం మందుల నిరోధకతను అధిగమించగలదని భావించవచ్చు' అన్న వాక్యాన్ని నా విద్యార్థులు ఎన్నోసార్లు రాశారు, నేను సంతకం పెట్టాను. ఆ డబ్బాలోని కాగితం చదువుతుంటే ఆ వాక్యమే తిరిగి వచ్చి నా ముందు కూర్చున్నట్టు అనిపించింది. ఒక గాజు పళ్లెం, ఒక రకం కణాలు, ఒక్క సాంద్రత చూసి రాసిన మాట మార్కెట్‌లో హామీగా మారుతుందని తెలిశాక దాన్ని అలాగే రాయడం తప్పు. ఎంత సాంద్రత వాడారో, అది మనిషి రక్తంలో సాధ్యమో కాదో అదే పేరాలో రాయించండి. పంపును ఆపిందా అని మాత్రమే కాక, జోరు పెంచిందా అని కూడా చూడండి. క్యాన్సర్ కణాలతో పాటు పేగు కణాల మీదా పరీక్షించండి. ఫలితం రాలేదని మూలన పడేసిన పనిని కూడా ప్రచురించండి. అన్నిటికీ మించి, మనవాళ్లు నిజంగా వాడుతున్న మునగ, నేల ఉసిరి, తిప్పతీగ సారాలు టామాక్సిఫెన్, ఇమాటినిబ్ వంటి మందుల రక్తస్థాయిని ఎటు మారుస్తున్నాయో మనుషుల్లో, నైతిక సంఘం అనుమతితో, 2007 నుంచి పనిచేస్తున్న క్లినికల్ పరీక్షల జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేసి కొలవండి. ఇది మన దేశానికి చేతకాని పని కాదు. మిరియాల్లోని పైపెరిన్‌ను 10 మిల్లీగ్రాములు కలిపి, క్షయకు వాడే రిఫాంపిసిన్‌ను 450 మిల్లీగ్రాముల నుంచి 200కు తగ్గించిన మాత్ర, మనుషుల్లో పరీక్షలు జరిగాకే 2009లో మన దేశంలో విడుదలైంది. మిరియాలకు చేయగలిగిన పరీక్ష మునగాకుకూ చేయగలం. నిధులిచ్చే సంస్థలు వందో కణప్రయోగానికి బదులు ఇలాంటి ఒక్క అధ్యయనానికి డబ్బు ఇవ్వాలని కోరుతున్నాను.

మా అక్క కీమో పూర్తయింది. టామాక్సిఫెన్ మొదలుపెట్టింది. ఇప్పుడు ఏం నోట్లో వేసుకున్నా ముందు నాకు ఫోన్ చేసి అడుగుతోంది. పక్క మంచం ఆవిడ ఎవరిని అడుగుతోందో నాకు తెలియదు. ఆ సీసా నా బీరువాలో ఉంది. అందులో 41 క్యాప్సూళ్లు మిగిలాయి, బ్యాచ్ నంబరు చెరగలేదు, మడతపెట్టిన కాగితమూ, కొన్న రసీదూ దానితోనే ఉన్నాయి. మీలో ఎవరు పరీక్షించడానికి ముందుకొచ్చినా, ఏ కార్యాలయానికి రమ్మన్నా నా ఖర్చుతో నేనే తెచ్చి అప్పగిస్తాను. తేదీ చెప్పండి.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఫార్మసీ అధ్యాపకురాలు
పల్నాడు జిల్లా